గడప ఇవతలి పాస్‌వర్డ్

ఆ రోజు పొద్దున జీవన్ వేసుకున్న పథకంలో ఎవరికీ ఏ నష్టమూ లేదు. మిర్యాలగూడ బ్రాంచిలో కంప్యూటర్ వెనక ఒక వైరు కొంచెం వదులవుతుంది. కంప్యూటర్ మొరాయిస్తుంది. సూర్యాపేట హెడ్డాఫీసు నుంచి దాన్ని బాగుచేసేవాడు బస్సెక్కి వెళతాడు, వైరు బిగిస్తాడు, అక్కడ బిల్లులు కొట్టే అమ్మాయిని కళ్ళారా ఒకసారి చూస్తాడు, సాయంత్రం బస్సుకు తిరిగొస్తాడు. బాగుచేసేవాడు జీవనే. బిల్లులు కొట్టే అమ్మాయి పూర్ణిమ, అతని భార్య.

సొంత భార్యను చూసుకోవడానికి వైరు వదులు చేయాల్సిన గతి ఎందుకు పట్టిందంటే, ఆషాఢం వచ్చిపడింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఆషాఢంలో ఒక చోట ఉండకూడదు. పిల్ల పుట్టింటికి పోవాలి, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఇంతవరకు అందరిళ్ళలో ఉన్నదే. కానీ జీవన్ తల్లి బక్కమ్మ, పూర్ణిమ తల్లి వెంకటనర్సమ్మ ఫోన్లో మాట్లాడుకుని ఆ ఆచారానికి ఇంకో రెండు మేకులు కొట్టారు. ఇద్దరూ ముఖాలు చూసుకోకూడదు. ఎదురుపడి మాట్లాడుకోకూడదు. ఫోన్ సంగతి పూర్వం పెద్దలెవరూ చెప్పిపోలేదు కాబట్టి దాని జోలికి మాత్రం పోలేదు.

పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది రెండు వారాలు. అందులో సగం చుట్టాలే తినేశారు. పూర్ణిమ నవ్వితే ఎడమ చెంపన సొట్ట పడుతుందా, కుడి చెంపనా అని జీవన్‌కు మొన్నటి నుంచి అనుమానం మొదలైంది. పెళ్ళి ఫోటోల ఆల్బం ఇంకా స్టూడియోవాడి దగ్గరే ఉంది.

సూర్యాపేట పక్కనున్న తమ ఊరు చివ్వెంలలో ఇంటి ముందు బండి తుడుస్తూ తల్లిని కదిపి చూశాడు.

"అమ్మా, అత్తగారి గడప తొక్కొద్దంటరు. మంచిది, తొక్క. బస్టాండ్ల కలిస్తె ఏమయితది?"

"బస్టాండ్ల కలిసినోళ్ళు బస్టాండ్లనే ఆగుతర్రా?" అంది బక్కమ్మ, టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ. "శ్రావణం దాక మొగం గూడ సూడొద్దు. నేను, నీ అత్త మాట అనుకున్నం. ఇగ పో, ఆలిస్యమయితది."

జీవన్ పనిచేసేది పచ్చతోరణం సీడ్స్‌లో. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూడు దుకాణాలు, మూడు కంప్యూటర్లు, హెడ్డాఫీసులో ఒక సర్వర్. వాటన్నిటికీ కలిపి ఒకే ఒక వైద్యుడు జీవన్. యజమాని పర్వతాలుది తిరుమలగిరి వైపు గొర్రెల కాపరుల కుటుంబం. మందను అమ్మి విత్తనాల దుకాణం పెట్టాడు. ఒకటి మూడయ్యాయి. మంద పోయినా ఆయన బుర్ర మాత్రం ఇప్పటికీ గొర్రెల వెనకే నడుస్తుంది. అమ్మకాలు పెరిగితే మంద ఈనిందంటాడు. గుమాస్తా మానేస్తే తోడేలు ఎత్తుకుపోయిందంటాడు.

ఆఫీసులో కూర్చోగానే జీవన్ చేసే మొదటి పని, ఏ బ్రాంచిలో ఎవరు కంప్యూటర్ తెరిచారో చూడటం. తెరిచినవాళ్ళ పేరు పక్కన ఒక పచ్చ చుక్క వెలుగుతుంది. పూర్ణిమ పేరు పక్కన చుక్క వెలిగే దాకా అతను టీ ముట్టడు. వెలిగాక తాగితే అందులో చక్కెర వేశారో లేదో తెలియదు. ఆమె కొట్టిన ప్రతి బిల్లూ ఇక్కడి తెర మీద ఒక వరసగా వచ్చి పడుతుంది. త్రిపురారం రైతుకు వరి విత్తనం రెండు బస్తాలు, వేములపల్లి రైతుకు జీలుగ ఒక బస్తా. బిల్లుకూ బిల్లుకూ మధ్య కొంచెం ఆలస్యమైతే, జారిన కొంగు సర్దుకుంటోందేమో అనుకుంటాడు. ఆ పచ్చ చుక్కతోనే ఆషాఢంలో సగం గడిపాడు. ఇక చేతకాలేదు. ఫోన్ తీశాడు.

"పూర్ణా, డబ్బా ఎనక నీలం వైరు ఉంటది, సూడు."

"ఉన్నది."

"దాన్ని జర గుంజు. మొత్తం కాదు. టక్కుమని చప్పుడొచ్చేదాక."

"ఎందుకండి? మంచిగనే నడుస్తుంది గద?"

"నడుస్తుందనే గుంజమంటున్న."

అవతల పూర్ణిమకు విషయం అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించింది.

"పనిచేసే వైరును ముట్టుకోవద్దని గోడకు మీరే రాసి అంటించిండ్రు."

"అది పెండ్లికి ముందు రాసిన."

సన్నగా నవ్వు వినపడింది. ఆ వెనకే టక్కుమని చప్పుడు.

తెర మీద పచ్చ చుక్క ఆరిపోయింది. జీవన్ సంచీ సర్దుకుని, దువ్వెన జేబులో పెట్టుకుని, ఫిర్యాదు ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఫోన్ రాలేదు. కాసేపటికి పచ్చ చుక్క మళ్ళీ వెలిగింది. అప్పుడొచ్చింది ఫోన్. చేసింది మిర్యాలగూడ బ్రాంచి మేనేజర్ ఈదయ్య.

ఈదయ్య సహకార సంఘంలో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. రాసి ఉన్న మాటను దేవుడి మాటగా చూస్తాడు. కంప్యూటర్ల విషయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో జీవన్ రాసి మూడు బ్రాంచీల గోడలకూ అంటించిన కాగితాన్ని ఈ భూమి మీద పూర్తిగా చదివినవాడు ఆయనొక్కడే.

"జీవన్ సారూ, మీ సూత్రాలు బంగారమయ్యా!" అన్నాడు ఆనందంగా. "మిషన్ ఆగిపోయింది. పూర్ణిమ మీకు ఫోన్ చేస్తనన్నది. ఆగు బిడ్డా, ముందు వైర్లు గట్టిగున్నయో లేదో సూడాలెనని సార్ రాసిండు గదా అని ఎనకకు పోయి సూసిన. నీలం వైరు ఊగుతుంది. ఒత్తిన. నడిచింది! మీరు ఈడిదాక రావాల్సిన పనే లేదు."

"మంచి పని చేసిండ్రు," అన్నాడు జీవన్, నోట్లో వేపాకు నమిలినట్టు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ దువ్వెన జేబులోనే ఉంది, బస్సు ఇంకా ఉంది. సూర్యాపేటలో కూర్చునే మిర్యాలగూడ కంప్యూటర్‌లోకి దూరి సరిచేసే వీలు జీవన్‌కు ఉండేది. ఆ దారినే లోపలికి దూరి, దాన్ని మూసేసి, మళ్ళీ తెరవడానికి కొట్టాల్సిన పాస్‌వర్డ్ మార్చేశాడు. ఈ తాళం ఈదయ్య వేళ్ళతో ఒత్తితే తెరుచుకునేది కాదు.

కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టాలి? అతని వేళ్ళు మీటల మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మనసులో ఉన్నదే వేళ్ళలోకి దిగింది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద నల్లటి చుక్కలే పడతాయి. మనిషి తన మనసులో మాటను భయం లేకుండా రాసుకోగలిగిన చోటు లోకంలో అదొక్కటే అనిపించింది. దాన్ని పూర్ణిమకు కూడా చెప్పలేదు. చెబితే ఆ పిల్ల అది కొట్టి తెరిచేస్తుంది, బస్సు వృథా అవుతుంది.

ఫోన్ బల్ల మీదే వదిలేసి, పోవడానికి అనుమతి అడుగుదామని పర్వతాలు గదిలోకి వెళ్ళాడు. అది తొందరపాటయింది.

"సార్, మిర్యాలగూడ మిషన్ ఖరాబయింది. నేను పోవాలె."

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు పర్వతాలు.

ఇంకా ఎవరూ చెప్పలేదన్న సంగతి జీవన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

అదే సమయంలో మిర్యాలగూడలో పూర్ణిమ పాత పాస్‌వర్డ్ కొట్టి, తప్పని చూసి, చేతులు వెనక్కి తీసుకుంది. "నువ్వు సరిగ్గ ఒత్తుతలేవు బిడ్డా, జరుగు," అని ఈదయ్య కుర్చీ లాక్కుని తాను రెండుసార్లు గట్టిగా ఒత్తాడు. మూడు తప్పులైతే గంటసేపు తాళం పడాలని జీవన్ పెట్టిన ఏర్పాటు ప్రకారం తాళం పడింది. కాలువ నీళ్ళు వదిలారని త్రిపురారం నుంచి వచ్చిన రైతులు దుకాణం బయట నిలబడి ఉన్నారు. బిల్లు లేకుండా బస్తా కదలకూడదన్నది పర్వతాలు ఆజ్ఞ. ఈదయ్య జీవన్‌కు ఫోన్ చేశాడు. బల్ల మీద ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. దాంతో ఆయన కోదాడ బ్రాంచికి చేశాడు.

కోదాడ బ్రాంచి చూసే నగేష్‌కు తెలియని విషయం లేదు. తెలిసిన విషయమూ లేదు.

"ఈదయ్యగారూ, కంగారు పడకండి. నేను చెప్పేది వినండి," అన్నాడు. "మీ పాస్‌వర్డ్ మీకే పనిచేయట్లేదంటే లోపల దొంగ దూరాడండీ. వైరస్సండీ. మొన్నే పేపర్లో చదివాను. ఒకచోట దూరితే పక్కదానికి పాకుద్దంట. మీ తర్వాత వరస మాదే!"

అలా చెబుతూ చెబుతూ తనను తానే భయపెట్టుకుని, బిల్లు సగంలో ఉండగా కోదాడ కంప్యూటర్ ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. పీకాక పొరపాటు తెలిసి మళ్ళీ పెట్టాడు. అలా పీకితే ఏ కంప్యూటరైనా లేచాక తన ఒళ్ళు తాను తడుముకుని చూసుకుంటుంది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు వరసలు పరుగెత్తడం మొదలైంది. నగేష్ వెంటనే పర్వతాలుకు ఫోన్ కొట్టాడు.

"సార్, మిర్యాలగూడకి వైరస్ వచ్చిందండీ! మాక్కూడా అంటుకుందండీ!"

సూర్యాపేటలో జీవన్ ఎదురుగానే పర్వతాలు ముఖం మారిపోయింది. ఆయనకు వైరస్ అంటే తెలియదు. 'అంటుకుంది' అంటే మాత్రం ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు ఆయన తండ్రి ఒక్క గజ్జి గొర్రెను పోనీలే పాపమని మందలో ఉండనిచ్చాడు. ఆ వానాకాలం దాటేసరికి దొడ్డి ఖాళీ అయింది. ఆ ఖాళీ దొడ్డి ఆయన కళ్ళలో ఇప్పటికీ ఉంది.

"జీవన్, మందల ఒకదానికి గజ్జి వస్తె ఏం చేయాలె?"

"సార్, గిది గట్ల కాదు, నేను చెప్పేది జర..."

"ఇడదీయాలె!"

పర్వతాలు లేచి, సర్వర్ గదిలోకి పోయి, వెనకనున్న వైర్లన్నీ పిడికిట్లో పట్టి లాగేశాడు. తెర మీద పూర్ణిమ పక్కన చుక్క మాత్రమే కాదు, పూర్ణిమ పేరే లేకుండా పోయింది. పొద్దున తాను చెప్పాలనుకున్న అబద్ధం ఇప్పుడు పచ్చి నిజమై కూర్చుంది. వైర్లు పోయాక ఇక్కడి నుంచి ఆ కంప్యూటర్‌ను ఎవరూ తెరవలేరు.

పాస్‌వర్డ్ నేనే మార్చానని చెబితే ఉద్యోగం పోతుంది. విత్తనాల సీజన్‌లో మూడు దుకాణాలు పడుకోబెట్టినవాణ్ణి పర్వతాలు ఉంచుకోడు. ఉద్యోగం పోయిన అల్లుడికి శ్రావణంలోనైనా అత్తగారు పిల్లను పంపుతుందా?

"నేను పోయి సూస్తే తప్ప కాదు సార్," అన్నాడు.

"మరింక నిలబడ్డవేంది? ఉరుకు!"

అడిగినదంతా దొరికింది. బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. సన్నగా తుంపర పడుతోంది. దారి పొడుగునా మడుల్లో దుక్కులు నడుస్తున్నాయి. ముందు సీట్లో ఎవరో కొత్త జంట ఒకే టవల్ కింద తలలు దాచుకుని పల్లీలు తింటున్నారు. జీవన్ వాళ్ళను చూడకూడదనుకుంటూనే చాలాసేపు చూశాడు. బ్రాంచిలో అడుగు పెట్టగానే పూర్ణిమ లేచి నిలబడుతుంది. ఈదయ్య ఉంటాడు కాబట్టి ఏమీ మాట్లాడదు. అయినా ఫరవాలేదు. ఏ చెంపన సొట్ట పడుతుందో తేలిపోతుంది. నేరేడుచర్ల దాటాక రెండుసార్లు తల దువ్వుకున్నాడు.

బస్సు దారిలో ఉండగా పర్వతాలు ఊరికే కూర్చోలేదు. ఈదయ్యకు ఫోన్ చేసి మంద భాషలో వైద్యం చెప్పాడు.

జీవన్ బ్రాంచికి చేరేసరికి షట్టర్ సగం దించి ఉంది. లోపల బల్ల ఖాళీ. కంప్యూటర్ లేదు, ప్రింటర్ లేదు, పూర్ణిమ లేదు, రైతులూ లేరు. గొడుగు పట్టుకుని ఈదయ్య ఒక్కడే ఉన్నాడు.

"మిషన్ ఏది?" అన్నాడు జీవన్.

"ఇడదీసినం సారూ. పెద్దసారు హుకుం. మంచి దొడ్ల రోగపు గొర్రెను ఉంచొద్దన్నడు. కరెంటు ఉండాలె, శుభ్రముండాలె, మనసొంటి మనుషులుండాలె, గసొంటి ఇంట్ల పెట్టుమన్నడు. ఈ ఎనక గల్లీల గసొంటి ఇల్లు ఒక్కటే ఉన్నది," అని ఈదయ్య గొప్పగా నవ్వాడు. "మీ అత్తగారిల్లు."

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో జీవన్ ఏ ఇంట్లోకైనా పోవచ్చు. ఒక్క ఇంట్లోకి తప్ప. కంప్యూటర్ ఇప్పుడు ఆ ఇంట్లో ఉంది.

వెనక గల్లీలో ఆ ఇంటి ముందు జనం పోగై ఉన్నారు. త్రిపురారం రైతులంతా బిల్లుల కోసం గొడుగులతో, నెత్తిన కప్పుకున్న గోనె సంచుల కొప్పెరలతో ఇటే వచ్చి నిలబడ్డారు. ముందు వరసలో గట్టయ్య అనే రైతు, ఇంటర్ చదివే తన బిడ్డ ప్రశాంతిని వెంటబెట్టుకుని ఉన్నాడు. పసుపు రాసిన గడప మీద పీట వేసుకుని, చేటలో బియ్యం ఏరుతూ వెంకటనర్సమ్మ కూర్చుని ఉంది. ఆమె వెనక తలుపుకు పూల పరదా. పరదా పక్కగా కుట్టుమిషన్ బల్ల మీద కంప్యూటర్ కొంచెం కనపడుతోంది. దానికి పసుపు బొట్టు పెట్టి, నెత్తిన వేపమండ కట్టారు. పరదా అంచు కింద రెండు పాదాలు, వేళ్ళకు కొత్త మెట్టెలు. అంతకుమించి ఏమీ కనపడలేదు.

జీవన్ ఆ పాదాలను చూస్తూ నిలబడిపోయాడు.

"ఆడనే ఆగు అల్లుడా," అంది వెంకటనర్సమ్మ, తలెత్తకుండానే. "గడప దాటి రావద్దు. ఏమనుకోకు నాయినా. మీ అమ్మకు మాట ఇచ్చిన."

"నేను రాను అత్తమ్మా. మిషన్‌నే బయటికి తెప్పియ్యిండ్రి. చిన్న పని."

"వాన పడుతుంది. పైనంగ రోగం పోయేదాక కదపొద్దని మీ పెద్దసారు చెప్పిండట."

"అయితె ఫోన్ల చెప్త. పూర్ణిమ ఫోన్ ఏది?"

ఈదయ్య చంకలోని విత్తనాల సంచీ చూపించాడు. "ఫోన్లకెల్లి కూడ పాకుతదట సారూ. అందరియి దీంట్ల ఏసి ముడేసిన."

జీవన్ జేబులోంచి కాగితం ముక్క తీసి, అరచేతి చాటున నాలుగు అక్షరాలు గీకి మడత పెట్టి చాచాడు. వెంకటనర్సమ్మ దాని వైపు పామును చూసినట్టు చూసింది.

"చీటీలు గీటీలు వద్దు. నాకు సదువు రాదు. దాంట్ల ఏం రాసినవో నాకేం ఎరుక? ఏమున్నా నోటితోని చెప్పు. నాకు చెప్పు, నేను పిల్లకు చెప్త."

గట్టయ్య వెనక నుంచి విసుగ్గా అరిచాడు. "చెప్పరాదయ్యా! గాడ మడిల నీళ్ళు ఆగి ఉన్నయి. నువ్వు సిగ్గుపడితె నా నారుమడిల విత్తనం పడతదా?"

ఇంతమంది ముందు పాస్‌వర్డ్ పైకి చెప్పడమా? కన్నతల్లికి కూడా చెప్పకూడదని ఊరూరా చాటినవాడు తనే. పైగా ఆ పాస్‌వర్డ్! కానీ పరదా కింద ఒక మెట్టె ఉన్న వేలు ఓపిక లేనట్టు నేలకు తట్టింది. అతను ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చెప్పసాగాడు.

"ఇ."

"ఇ అంటుండే!" అని వెంకటనర్సమ్మ లోపలికి కేకేసింది. లోపల మీట టిక్కుమంది.

"పి."

"పి అంటుండు!"

"ఇంకో పి. యు. డి. ఓ."

అలా ఒక్కో అక్షరమూ అల్లుడి నోట్లోంచి అత్త నోట్లోకి, అత్త నోట్లోంచి పరదా లోపలికి నడిచింది. చివరికి "క్వశ్చన్ మార్కు" అన్నాడు జీవన్, నేల చూపులు చూస్తూ.

"మార్కట! అది ఒకటా రెండా అని అడుగుతుంది పిల్ల."

"ఒకటే."

ఇంతసేపూ అక్షరాలను వేళ్ళ మీద కూడుకుంటున్న ప్రశాంతి ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. "బాపూ, నాకు తెలిసింది! ఎప్పుడొస్తవ్ పూర్ణిమా?"

ముందు వరస నుంచి వెనక వరస దాకా గొడుగులు ఊగిపోయేలా నవ్వారు.

"ఏందట? ఏమన్నడు?" అంది వెంకటనర్సమ్మ.

"ఏం లేదక్కా," అన్నాడు గట్టయ్య, కండువాతో నోరు మూసుకుంటూ. "నీ బిడ్డ ఎప్పుడొస్తదని అడుగుతుండు."

వెంకటనర్సమ్మ చేట పక్కన పెట్టింది. "శ్రావణంల మంచి దినం సూసి తోల్తమని వాళ్ళమ్మకు చెప్పిన గద! మల్ల దానికి కంప్యూటర్ల అడిగేదేమున్నది?" అని, లోపలికి తిరిగి, "శ్రావణంల అని కొట్టవే!" అంది.

పరదా ఒకసారి కదిలింది. కాసేపటికి లోపలి నుంచి వెంకటనర్సమ్మ చెవిలో ఏదో గుసగుస.

"తప్పట. తెర్సుకుంటలేదట. మల్ల చెప్పమంటుంది."

జీవన్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అతని కన్నా ముందే రైతులు అందుకున్నారు. "ఇ! పి! ఇంకో పి!" చివర క్వశ్చన్ మార్కును గల్లీ అంతా కలిసి కొట్టింది.

"మల్ల తప్పేనట," అంది వెంకటనర్సమ్మ.

మూడోసారి చెప్పాడు. మళ్ళీ తప్పన్నారు.

"మూడైనయి. తాళం పడి ఉంటది. పడ్డదా, అడుగుండ్రి."

"పడలేదట. మంచిగ వినపడలేదు, ఇంకొక్కసారి చెప్పమంటుంది."

జీవన్ నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. మూడు తప్పులైతే తాళం పడుతుంది. ఆ ఏర్పాటు చేసింది తనే, అది ఇంతవరకు ఎవరినీ వదల్లేదు. పడలేదంటే తప్పు కొట్టలేదన్నమాట. మొదటిసారికే తెరుచుకుంది. తెరుచుకున్న కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల కూర్చుని వింటోంది.

నాలుగోసారి అతను అక్షరాలు చెప్పలేదు. అత్తగారి వైపు చూడలేదు, రైతుల వైపు చూడలేదు. పరదా వైపు చూస్తూ, నెమ్మదిగా, మామూలు గొంతుతో అన్నాడు.

"ఎప్పుడొస్తవ్ పూర్ణిమా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గొడుగుల మీద తుంపర చప్పుడు వినపడింది. తర్వాత పరదా వెనక ప్రింటర్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. పరదా అంచు తొలగి ఒక చెయ్యి బయటికొచ్చింది. నిన్న రాత్రి పెట్టుకున్న గోరింటాకు వేళ్ళ చివర్లలో ఎర్రగా పండి ఉంది. ఆ వేళ్ళ మధ్య గట్టయ్య బిల్లు. గట్టయ్య అందుకోబోయి, ఆగి, జీవన్‌ను ముందుకు తోశాడు. జీవన్ గడప ఇవతల నిలబడి బిల్లు అందుకున్నాడు. కాగితం వెంటనే చేతిలోకి రాలేదు. అవతల పట్టుకున్న వేళ్ళు దాన్ని వదలడానికి కొంచెం సమయం తీసుకున్నాయి.

"అందిందా?" అంది వెంకటనర్సమ్మ అనుమానంగా.

"అందింది అత్తమ్మా."

బిల్లులు వరసగా వచ్చాయి, బస్తాలు కదిలాయి. అంతా సర్దుకుందనుకునేసరికి ఈదయ్య సంచీ ముడి విప్పి తన ఫోన్ తీశాడు. ఆయన ముఖం గంభీరంగా ఉంది.

"జీవన్ సారూ, నాకొక్క అనుమానం. వైరస్ ఏ దేశం నుంచో వస్తదంటరు. దానికి మన పూర్ణిమ పేరు ఎట్ల తెలిసింది?"

జీవన్ దువ్వెన తీసి తల దువ్వుకోసాగాడు.

"మరి పెద్దసారు అడిగితె ఉన్నదున్నట్టు చెప్పాలె గద. అబద్ధం నాతోని కాదు," అంటూ ఈదయ్య మీటలు నొక్కాడు. జీవన్ కళ్ళ ముందు ఉద్యోగం, శ్రావణం, రెండూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి.

"సార్, ఈదయ్యను. మిషన్ తెరుసుకున్నది. దానికే రోగం లేదు సార్." ఈదయ్య ఆగి జీవన్ వైపు చూశాడు. పరదా కింద పాదాల వైపు చూశాడు. "ఉన్న రోగం డాక్టర్‌కే ఉన్నది."

అవతలి కేక ఫోన్ దాటి గల్లీలోకి వినపడింది.

"ఏందీ? జీవన్‌కు అంటుకున్నదా? నేను ముందే అనుకున్న! రోగపు గొర్రెను పట్టినోడు మందలకు రావద్దు. ఆయన్ని బస్సెక్కనియ్యకు! సూర్యాపేట దిక్కు రానియ్యకు! కోదాడ మిషన్ ఇప్పుడే ఎవలూ ముట్టకుండ దానంతటదే లేసిందట, ఇడదీసుట్ల ఉన్న గుణం గది! ఆడనే ఉంచు ఆయన్ని. శ్రావణం దాక ఉంచు. మిషన్‌ను గూడ ఆ ఇంట్లకెల్లి కదపకు. రోజూ పొద్దున పోయి దాన్ని సూసి రమ్మను, దూరంకెల్లి!"

"దూరంకెల్లే సార్," అన్నాడు ఈదయ్య. "గడప ఇవతలికెల్లి."

బక్కమ్మ తిట్టుకుంటూనే బట్టల సంచీ బస్సులో పంపింది. జీవన్ మిగిలిన ఆషాఢమంతా మిర్యాలగూడ బ్రాంచిలో వరి విత్తనాల బస్తాల మధ్య పడుకున్నాడు. ఆ బస్తాల గోడకు అవతల గల్లీ, గల్లీకి అవతల పూల పరదా. రాత్రులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు కూడా వినపడేది. అంత దగ్గరగా ఉండి అంత దూరంగా ఉండటం సూర్యాపేటలో పచ్చ చుక్కను చూడటం కన్నా కష్టమని అతనికి అర్థమైంది. చెంప మీది సొట్ట ఎటువైపో ఇంకా తేలలేదు.

పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని గడప ముందు నిలబడేవాడు. వెంకటనర్సమ్మ చేట పట్టుకుని పీట మీద కూర్చునేది. పాస్‌వర్డ్ ఎక్కువ రోజులు ఒకటే ఉంచడం ప్రమాదమని, రోజూ కొత్తది పెట్టాలని, దాన్ని స్వయంగా వచ్చి నోటితో చెప్పడమే మంచిదని జీవన్ పర్వతాలును ఒప్పించాడు. మొదటిసారికి ఏ రోజూ సరిగ్గా వినపడలేదని లోపలి నుంచి కబురొచ్చేది.

ఆషాఢం వెళ్ళేసరికి పచ్చతోరణం కంపెనీ పాస్‌వర్డులన్నీ త్రిపురారం రైతులకు నోటికి వచ్చేశాయి.